పోలయ్య చూడని మచ్చ

మైపాడు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద బతికేవాళ్ళు ఒక మాటను గట్టు మీద పలకరు. తెల్లమచ్చ. రొయ్యకు వచ్చే జబ్బు పేరు అది. పెంకు మీద ఆవగింజలో సగమంత తెల్లటి చుక్కలు తేలతాయి. ఆపైన నాలుగైదు రోజుల్లో గుంటంతా చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. మందు లేదు. ఒక గుంటకు తగిలిందంటే అదే కాలవ నీళ్ళు పెట్టుకునే గుంటలన్నీ వణకాల్సిందే. అందుకని దాన్ని పేరు పెట్టి పిలవరు. "ఫలానా వాళ్ళకు అది తగిలిందంట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. చిన్నపోలయ్య అయితే ఇంట్లో అన్నం తింటూ కూడా ఆ మాట అనడు. పదహారేళ్ళుగా గుంటల కాపలా చేస్తున్నవాడు, ఆ జబ్బు ఎన్ని కొంపలు ముంచిందో దగ్గరుండి చూసినవాడు.

అంతకుముందు అతనిది సముద్రం. పట్టపుపాలెంలో పుట్టాడు, మీసాలు రాకముందే తండ్రితో పడవెక్కాడు. ఒక తుఫానుకు పడవా పోయింది, వలలూ పోయాయి. తండ్రి ఎలాగో ఒడ్డుకొచ్చి, ఇక నీళ్ళ మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. పోలయ్య మరికొన్నేళ్ళు ఇంకొకరి పడవలో కూలికి పోయి, చివరికి గుంటల మీదికి వచ్చేశాడు. పాలెంలో మగవాళ్ళు నవ్వారు. అలల మీద తిరిగినవాడు బురదలో రొయ్యలకు మేత వేస్తున్నాడన్నారు. అతను పట్టించుకోలేదు. నవ్వినవాళ్ళలో సగంమంది తర్వాత ఆ బురదలోకే వచ్చారు.

గుంటల మీద అతనికి ఒక పేరు వచ్చింది. రొయ్యను పట్టుకుని తల మీది పెంకును బొటనవేలితో మెల్లగా నెడతాడు. జబ్బు తగిలితే ఆ పెంకు వదులై, టోపీలాగా ఊడి వస్తుంది. తర్వాత రొయ్యను ఎండకు ఎత్తిపట్టి మచ్చ కోసం చూస్తాడు. ఎక్కడెక్కడి గుంటలవాళ్ళో "పోలయ్యన్నా, ఒకసారి వచ్చి చూసి పో" అని ఫోను చేసేవాళ్ళు. కాళ్ళు కడుక్కుని వెళ్ళేవాడు, చూసేవాడు, "ఏం లేదు, రెండు రోజులు మేత తగ్గించండి" అనేవాడు. ఆ మాట విన్నవాళ్ళు నిశ్చింతగా పడుకునేవాళ్ళు. పోలయ్యకు చదువు లేదు, సెంటు నేల లేదు. "పోలయ్య చూసినాడంట" అన్న మాట ఒకటి ఉంది. దాని మీదే అతని బతుకంతా నడిచింది.

రెండేళ్ళ క్రితం అతని కుడికంటికి పొర కమ్మడం మొదలైంది. ఆర్నెల్లకు ఎడమకన్నూ అదే దారి పట్టింది. ఇందుకూరుపేటలో ఉచిత కంటి శిబిరం పెడితే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూపించుకున్నాడు. శుక్లాలేనని, ఆపరేషన్ చేస్తే చూపు తిరిగొస్తుందని చెప్పారు. నెలరోజులు మాత్రం దుమ్ములోకీ ఉప్పునీళ్ళలోకీ పోకూడదన్నారు. నెలరోజులు గుంట మీద లేకపోతే ఇంకో మనిషి వస్తాడు. వచ్చినవాడు పోడు. పైగా కాపలావాడికి కళ్ళు ఆనడం లేదని తెలిస్తే ఎవరు పెట్టుకుంటారు? ఈ పంట అయ్యాక చూద్దాం అనుకున్నాడు. ఆ పంటా అయింది, తర్వాతిదీ అయింది. భార్య అంకాలమ్మకు చెప్పలేదు, కూతురు స్వర్ణకు చెప్పలేదు. మనిషి ముందునుంచీ అక్షరం ముక్క చదవడు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

గుంట నరేంద్రబాబుది. నెల్లూరులో ఆయనకు సిమెంటు, ఇనుము వ్యాపారం. మనిషి మంచివాడే, నోరు పారేసుకునే రకం కాదు. కాకపోతే రొయ్య సంగతి ఆయనకు తెలియదు. పెంకు మీద నీటి మెరుపేదో, మచ్చేదో చెప్పలేడు. ఆ తేడా చెప్పడానికే పోలయ్యను పెట్టుకున్నాడు. రోజూ పొద్దున నాలుగు రొయ్యల్ని అరచేతిలో పెట్టి ఫోటో తీసి పంపమని ఒక కొత్త ఫోను కూడా కొనిచ్చాడు.

ఆ ఫోను పోలయ్య పాలిట దేవుడైంది. ఫోటో తీసి రెండు వేళ్ళతో లాగితే రొయ్య జానెడు అవుతుంది, ఇంకా లాగితే పెంకు ఒక్కటే తెరంతా పరుచుకుంటుంది. పొర కమ్మిన కంటికి కూడా ఆనుతుంది. ఎండకు ఎత్తిపట్టి చూడటం మానేశాడు. మూడు నెలలపాటు అతను రొయ్యను ఫోనులోనే చూశాడు. గట్టు మీద ఒంటరిగా చేసే పని కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఒకరోజు పొద్దున ఫోటోలో రొయ్య వీపు మీద తెల్లటి చుక్కలు కనపడ్డాయి. పోలయ్య ఫోను గట్టు మీద పెట్టి ఆ రొయ్యను పట్టుకున్నాడు. వేలితో పెంకు నెట్టి చూశాడు, బిగువుగానే ఉంది. మేత పెట్టిన పళ్ళెం పైకి లాగాడు, పలుకు కూడా మిగల్లేదు. జబ్బు చేసిన రొయ్య ఇంత ఆబగా తినదు. ఇంకో రొయ్యను ఫోటో తీశాడు, చుక్కలు. ఖాళీ అరచేతిని తీశాడు, అక్కడా చుక్కలు. జబ్బు ఫోనుకని అర్థమై, అమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాత అసలు సంగతి తట్టింది. ఫోటోలో ఏ చుక్క ఫోనుదో, ఏ చుక్క రొయ్యదో ఇక అతనికి తెలిసే దారి లేదు.

స్వర్ణ ఇందుకూరుపేటలో జిరాక్సు షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మీ, దీంట్లో చుక్కలు పడతా ఉండాయి. ఏందో చూడు."

ఆమె అద్దం తుడిచింది, ఆపి మళ్ళీ పెట్టింది, అటూ ఇటూ నాలుగు ఫోటోలు తీసింది. "కెమెరాలోనే ఏదో ఉండాది నాయనా. బాబుగారికి చెప్పి మార్పించుకోరాదా?"

"ఆయనకెందుకులే. తొందరగా బాగయ్యే మార్గం చూడు."

"అట్టయితే గ్రూపులో అడుగుతా ఉండు. ఇదే ఫోను వాడేవాళ్ళు ఎంతమంది లేరు."

ఫోన్ల గురించి మాట్లాడుకునే తెలుగువాళ్ళ గ్రూపు ఒకటి ఫేస్‌బుక్కులో ఉంది. అందులో ఆమె ఇలా రాసింది: "మా నాన్న ఫోన్‌లో తెల్లమచ్చలు వస్తున్నాయి. ఈ మోడల్ వాడే ఇంకెవరికైనా ఇలా అయిందా? దయచేసి చెప్పండి." కింద పొద్దున తీసిన ఫోటో పెట్టింది, అరచేతిలో రొయ్యలు ఉన్నది. తండ్రి చుక్కలన్నాడు, ఆమె మచ్చలని రాసింది. ఆ మాట సంగతి తెలియని పిల్ల కాదు, గుంటల మధ్యే పెరిగింది. కాని ఫోను గురించి రాసేటప్పుడు రొయ్య గుర్తుకు రాలేదు.

మన జనానికి తెలియనిదంటూ ఉండదు. గంట తిరక్కముందే వంద జవాబులు. గుంటూరాయన ఒకడు ఇది కొత్తగా వచ్చిన అప్‌డేట్ పాపమన్నాడు. పెళ్ళిళ్ళలో తిప్పే లేజరు లైట్లు తగిలితే కెమెరా ఇలా మాడుతుందని ఇంకొకడు. కొత్త మోడల్ అమ్ముకోవడానికి పాతవాటిని కంపెనీయే కావాలని చెడగొడుతుందని, తన బావమరిది స్నేహితుడు అక్కడే పనిచేస్తాడని మరొకడు. సముద్రపు గాలిలో ఉప్పు లోపలికి దిగిందని ఒకరంటే, ఆ ఉప్పు గాలి పీల్చే తన ఫోను ఐదేళ్ళుగా నిక్షేపంగా ఉందని ఇంకొకరు. ఇద్దరూ తిట్టుకున్నారు. ఎవరో శుభసాయంత్రం చెప్పి గులాబీ పువ్వు పెట్టారు. ఫోనును చేత్తో పట్టి చూసినవాడు వీళ్ళలో ఒక్కడు లేడు. అయినా ఎవరి గొంతులోనూ అనుమానం లేదు.

అప్పుడొకడు సరదాకు ఒక ముక్క వదిలాడు. "మచ్చలు ఫోనుకు కాదమ్మా, రొయ్యకు. తెల్లమచ్చ వచ్చింది. గుంట ఖాళీ చేసుకోండి." పక్కన పగలబడి నవ్వే బొమ్మలు మూడు పెట్టాడు. నవ్వు బొమ్మల్ని కొందరు చూశారు, కొందరు చూడలేదు. భీమవరం వైపు రైతు ఒకాయన ఫోటోను పెద్దది చేసి చూసి, పెంకు రంగు చూస్తే తనకూ అనుమానంగానే ఉందన్నాడు. ఇంకేముంది, జనం రెండు పార్టీలయ్యారు. ఫోను పార్టీ, రొయ్య పార్టీ. మర్నాడు పొద్దున్నే ఎవరో స్వర్ణ రాసిన మాటల్లో "తెల్లమచ్చలు వస్తున్నాయి" అన్నంత వరకు ఉంచి, రొయ్య ఫోటోతో కలిపి కత్తిరించి, ఆమె ఊరి పేరు తగిలించి రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపులో పడేశారు. అందులో ఫోను అన్న మాట లేదు. నవ్వే బొమ్మలూ లేవు.

పోలయ్య గుంట మీదికి వెళ్ళేసరికి పక్క గుంటవాళ్ళు కాలవకు అడ్డంగా చెక్కలు దింపి, సందుల్లో బంకమట్టి మెత్తుతున్నారు. ఆ గుంట కాపలావాడి పేరు సమాధానం. పదేళ్ళుగా ఇద్దరూ ఒకే బీడీ కట్ట పంచుకున్నవాళ్ళు. పోలయ్య అటు రెండడుగులు వేయగానే సమాధానం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, ఇటు రాబాక. నీ గట్టు మీద్నే ఉండు."

"ఏందబ్బయ్యా, ఏమైంది?"

"మీకు అది తగిలిందంట గదా. మీ స్వర్ణే రాసిందంట."

పోలయ్య ఉన్నచోటే ఆగాడు. "మాకేం తగల్లేదు. పాడైంది ఫోను. నువ్వే వచ్చి రొయ్యను చూడు."

"ఎట్టొస్తా అన్నా? నీ గట్టు తొక్కితే మళ్ళా నా గట్టు తొక్కనిస్తారా?" అన్నాడు సమాధానం. అతని తప్పేమీ లేదు. జబ్బు పాదాలకు అంటుకుని వస్తుందని గుంటల మీద అందరికీ తెలుసు. పోలయ్య అయినా అదే చేసేవాడు.

అతను స్వర్ణకు ఫోను చేశాడు. "ఆ మాట రాసినావా అమ్మీ?" అని మాత్రమే అడిగాడు. అవతల స్వర్ణ ఏడ్చింది. షాపులో పని పక్కన పెట్టి, అదే కెమెరాతో ముందురోజు ఇంటి దగ్గర తీసి తన ఫోనుకు పంపుకున్న నీలం డ్రమ్ము ఫోటోను గ్రూపులో పెట్టింది. డ్రమ్ము మీద కూడా అవే చుక్కలున్నాయని, పాడైంది ఫోనేనని రాసింది. "డ్రమ్ముకు కూడా తెల్లమచ్చ వచ్చిందోచ్" అని ఎవడో రాశాడు. దానికి నాలుగొందల మంది నవ్వారు. ఆమె చెప్పినది ఆ నవ్వుల కింద ఎక్కడో పడిపోయింది.

మధ్యాహ్నానికి రొయ్యలు కొనే విజయభాస్కర్ మోటారు సైకిలు మీద వచ్చి, గట్టుకు దూరంగానే ఆగాడు. నరేంద్రబాబు మనవరాలి చెవులు కుట్టే వేడుకకు తిరుపతి వెళ్ళి ఉన్నాడు. రొయ్యల్ని ల్యాబుకు పంపించమని పొద్దునే చెప్పాడు, కాని ఫలితం రేపు సాయంత్రానికి గాని రాదు. విజయభాస్కర్ ఆయనకు ఫోను కలిపి మాట్లాడాడు.

"బాబుగారూ, ఇయ్యాలైతే వల దించి పట్టుకుపోతా. రేపటికి ఈ మాట చెన్నై దాకా పోతే ఊరికే ఇస్తానన్నా ఎవురూ తీసుకోరు. మీ ఇష్టం." అని ఫోను పోలయ్య వైపు చాచాడు. పోలయ్య దగ్గరికెళ్ళి అందుకున్నాడు.

రొయ్య ఇంకా నెలరోజులు పెరగాలి. ఇప్పుడు పడితే సగం బరువు కూడా ఉండదు. పంట పంటంతా పోయినట్టే. అది నరేంద్రబాబుకు తెలుసు, పోలయ్యకూ తెలుసు.

"పోలయ్యా, డ్రమ్ము ఫోటో చూసినా. ఫోను పాడైంది, నిజమే. కాని ఫోను పాడైనంత మాత్రాన రొయ్యకు లేదని ఎట్ట చెప్పేది? ఫోను సంగతి వదిలెయ్. రొయ్యను చూసినావా నువ్వు?"

"పట్టి చూసినానయ్యా. పెంకు గట్టిగా ఉండాది. మేత బాగా తింటా ఉండాయి."

"పెంకు కాదు. మొదట్లో పెంకు గట్టిగానే ఉంటుందని విజయభాస్కర్ అంటా ఉండాడు. ఎండలో పెట్టి కంటితో చూసినావా? మచ్చ లేదా? ఆ ఒక్క మాట చెప్పు. నువ్వు చూసినానంటే విజయభాస్కర్‌ని పంపించేస్తా."

చూశానని చెప్పడానికి పోలయ్య నోరు తెరిచాడు. నిజానికి ఆ పొద్దున రొయ్యను ఎండకు ఎత్తిపట్టాడు కూడా. అతనికి కనపడింది పాలు కలిపిన నీళ్ళలాంటి వెలుగు, అందులో రొయ్య ఆకారం, అంతే. మచ్చ ఉంటే ఉంది, లేకపోతే లేదు. వేలు లేదంటున్నది. పదహారేళ్ళ అనుభవం లేదంటున్నది. కంటిని అడిగితే ఏమీ చెప్పడం లేదు. ఒకవేళ వేలు పొరబడితే? చూశానన్న తన మాట మీద గుంట అలాగే ఉంచి, ఎల్లుండికి అది నిజమైతే? ఈ గుంటతో ఆగదు, సమాధానం గుంటా పోతుంది, కాలవ పొడుగునా పోతాయి. కళ్ళు ఆనడం లేదయ్యా అని అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. పక్కన విజయభాస్కర్ చెవులు రిక్కించుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి తీరమంతా తెలిసిపోతుంది.

"పోలయ్యా, ఉండావా?"

పోలయ్య మాట్లాడలేదు. అవతల నరేంద్రబాబు కొంచెంసేపు చూసి, "సరే, అర్థమైందిలే. ఫోను ఆయనకివ్వు" అన్నాడు.

గంటన్నరలో ఐసు పెట్టెల లారీ వచ్చింది, రొయ్యలు పట్టే కూలీలు వచ్చారు. వల లాగుతుంటే రొయ్యలు ఎగిరి పడుతున్నాయి. చచ్చే రొయ్య అలా ఎగరదు. పోలయ్య నడుములోతు నీళ్ళలో నిలబడి, చేతికందిన ప్రతి రొయ్య పెంకునూ వేలితో నెట్టి చూశాడు. ఒక్కటి వదులుగా లేదు. కూలీల్లో ఒకామె దోసెడు రొయ్యల్ని ఎండలో తిప్పి చూసి, "మచ్చ యాడుండాదన్నా? ముత్యాల్లాగుండాయే" అంది. విజయభాస్కర్ లారీ దగ్గర నుంచే, "ఇప్పుడు లేకపోతే రేపు వచ్చుండేది" అన్నాడు. రాని జబ్బు రేపు వచ్చేదని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. పోలయ్యకు ఏడుపొచ్చింది. నీళ్ళలో ఉన్నాడు కాబట్టి మొహం కడుక్కుంటున్నట్టు కడుక్కున్నాడు.

మరుసటి సాయంత్రం ల్యాబు నుంచి కబురొచ్చింది. జబ్బు లేదు. ఆ కబురొచ్చేసరికి నరేంద్రబాబు తిరుపతి నుంచి నేరుగా వచ్చి గుంట దగ్గరే ఉన్నాడు. అడుగున బురద మాత్రం మిగిలిన గుంటలో కొంగలు తిరుగుతున్నాయి. ఆయన ఫోను జేబులో పెట్టుకుని పోలయ్య వైపు తిరిగాడు.

"నేనేం తప్పుపట్టడం లేదు పోలయ్యా. కాని ఒకటి అర్థం కాలేదు. నీ అంతటి మనిషి గట్టిగా లేదని అనుంటే నేను ఆగుండేవాణ్ణి గదా. ఎందుకు అనలేదు?"

పోలయ్య చెప్పాడు. పొర సంగతి, శిబిరం సంగతి, ఫోనులో రెండు వేళ్ళతో లాగి చూసుకున్న సంగతి, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ గట్టు కేసి చూస్తూనే ఉన్నాడు. రెండేళ్ళుగా మోస్తున్నది దింపితే తేలికవుతుందనుకున్నాడు. తేలిక కాలేదు.

నరేంద్రబాబు కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే బాగుండేది. "ముందే చెప్పుండాల్సింది" అన్నాడు. "ఆపరేషన్ చేయించుకో. నెల్లూర్లో నేను మాట్లాడతా. తర్వాత చూద్దాం." ఆ 'తర్వాత చూద్దాం' అనే మాటకు అర్థం పోలయ్యకు తెలుసు. ఫోను ఆయన చేతిలో పెట్టబోతే, "ఉంచుకోలే" అన్నాడాయన.

స్వర్ణ ల్యాబు కాగితాన్ని ఫోటో తీసి రెండు గ్రూపుల్లోనూ పెట్టింది. పదకొండు మంది చూశారు. "ఆ గుంటంతా చచ్చిపోయిందంట గదా" అని ఒకాయన దాని కిందే అడిగాడు. ఫోన్ల గ్రూపులో గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. కంపెనీ ఆ మోడల్ మొత్తాన్ని వెనక్కి తీసుకుంటోందని ఒకరు, అదంతా గిట్టనివాళ్ళ ప్రచారమని ఇంకొకరు. చుక్కలెందుకు వచ్చాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గుంటల మీద మాత్రం "పోలయ్యకు కళ్ళు లేవంట" అన్న మాట లారీ కంటే వేగంగా పోయింది. ఈసారి ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు. వారంరోజులైనా చూసిపొమ్మని ఎక్కడి నుంచీ ఫోను రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అంకాలమ్మ ఎండు చేపలు అమ్ముకుని వచ్చి, గంప దించి, వాకిట్లో కూర్చున్న మొగుడి పక్కన కూలబడింది. వారంగా ఆమె అతన్ని ఏమీ అనలేదు. ఆ రోజు ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒకటి అడుగుతా, చెప్పు. రొయ్యకు ఏం లేదని నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"వేలితో చూసినావు, మేత చూసినావు, తెలుసు. అట్టాంటప్పుడు కంటితో చూసినానని ఒక్క మాట అనేస్తే ఏం పొయ్యేది నీకు? పంట నిలబడేది, పని నిలబడేది. అబద్ధం కూడా కాదు గదా, అక్కడ మచ్చ లేనే లేదు."

పోలయ్య ఆమె వైపు తిరిగాడు. ఇంత దగ్గర నుంచి కూడా మొహం సరిగ్గా ఆనలేదు. ఆమె ఏడుస్తున్నదో లేదో గొంతును బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది.

"మచ్చ లేదు, నిజమేనే," అన్నాడు. "నేను చూళ్ళేదు గదా."